గయానా అక్క వెతికిన ఊరు

చిత్తూరు గవర్నమెంటు హైస్కూల్లో నేను సోషల్ టీచరుగా ఉన్నన్నాళ్ళూ దక్షిణ అమెరికా పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోయేది. గోడకు పటం తగిలించి, బ్రెజిల్ చూపించి, అమెజాన్ నది పొడుగునా కర్ర నడిపించి, ఆండీస్ కొండల దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. ఆ ఖండం నెత్తిన, సముద్రం అంచులో మూడు చిన్న ముక్కలుంటాయి. వాటి దగ్గర నా కర్ర ఎప్పుడూ ఆగలేదు. అందులో ఒకటి గయానా. ఆ దేశం మనిషి ఒకామె మా ఇంటికొచ్చి, నా మంచం పక్కన మంచమేసుకొని పండుకొంటుందని ఎవరైనా చెప్పింటే నవ్వి ఊరుకొనేదాన్ని.

మా చెల్లెలి కూతురు డాక్టరు చదువుకు గయానా పోయింది. ఈడ సీటు రాని పిల్లలు రష్యాకు, ఫిలిప్పీన్స్‌కు పోయినట్లే ఇప్పుడు ఆడికీ పోతా ఉండారు. మా చెల్లెలు వాళ్ళది బంగారుపాళ్యం. పాప పోయేటప్పుడు మా చెల్లెలు నన్నడిగింది, "అక్కా, పటంలో ఆ దేశం యాడుందో చూపియ్యి" అని. నేను వేలు పెట్టి చూపించినాను. నా వేలి కొనంత కూడా లేదు. మా చెల్లెలు కండ్లనీళ్ళు పెట్టుకొనింది.

పాప ఆడ ఒక పెద్దామె ఇంట్లో గది తీసుకొనింది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. మొగుడు పోయినాడు, ఇద్దరు కూతుళ్ళు కెనడాలో స్థిరపడినారు. చెక్క ఇల్లు, కింద నీళ్ళొస్తే మునగకుండా ఎత్తుగా స్తంభాల మీద కట్టింది. పాప ఫోన్లో చెప్పేది, "పెద్దమ్మా, ఈమె చూస్తే అచ్చం మనోళ్ళే. వీళ్ళను ఈడ మద్రాసోళ్ళు అంటారు. తెలుగు ఒక్క ముక్క రాదు" అని.

ఒకరోజు ఆ పెద్దామె పాపను అడిగిందంట, మీ దేశంలో 'కార్వెట్' అనే ఊరు ఉందా అని. వాళ్ళింట్లో తరతరాలుగా ఆ ఒక్క మాట చెప్పుకుంటా వస్తా ఉండారు. మా వంశానికి మొదటి తల్లి కార్వెట్ నుంచి వచ్చింది, అని. కార్వెట్ ఊరో, కోటో, మనిషో ఎవరికీ తెలీదు. పాప ఆలోచించి, "కార్వేటినగరమేమో. అది మా చిత్తూరు జిల్లాలోనే ఉండాది" అనింది. ఆమె ఆ పేరు కాగితం మీద రాయించుకొనిందంట. మరుసటి ఏడాది మాఘమాసంలో ఆమె చెన్నైలో విమానం దిగింది. నేను కారు మాట్లాడుకొని పోయి పిలుచుకొచ్చినాను.

చామనఛాయ, సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మోకాళ్ళ కిందికి గౌను. గౌను తీసేసి చీర కడితే ఐరాలలో ఉండే మా మేనత్తే. ఆమెకు డెబ్బై దాటినాయి, నాకంటే పెద్దది. అందుకని మొదటిరోజే అక్కా అని పిలిచినాను. ఆ మాట బాగా నచ్చింది ఆమెకు. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే కానీ మనం బడిలో చదివిన ఇంగ్లీషు కాదు. మాటలు మింగేసి, పాటలాగా సాగదీసి మాట్లాడేది. మొదటి రెండు పూటలూ సగమే అర్థమయింది. ఈడ ఆమె మాటలన్నీ మన మాటల్లోకి తిప్పి రాస్తా ఉండాను.

మా ఇంట్లో నేను ఒక్కదాన్నే. రాగిసంగటి చేసి పెడితే ఆమె చేత్తో తుంచుకొని, ఎవరూ నేర్పకుండానే ఊరుబిండి పచ్చడిలో అద్దుకొని తినింది. తింటా తింటా చెప్పింది.

"మా దేశంలో ఒకప్పుడు గోధుమపిండి ఇంట్లో ఉంటే నేరం. బయటిదేశం సరుకు రాకూడదని ప్రభుత్వం ఆపేసింది. మేము రొట్టె తినే మనుషులం. పక్కదేశం నుంచి పడవల్లో దొంగతనంగా తెచ్చేవాళ్ళు. నా పెద్దకూతురికి మూడేళ్ళప్పుడు పుట్టినరోజుకు రొట్టె చేస్తే, వాసన బయటికి పోతుందని తలుపులు, కిటికీలు మూసుకొని తిన్నాం. ఉక్కకు పిల్ల ఏడ్చింది. రొట్టె తింటానే ఏడ్చింది."

"ఓట్లేసి దించకపోయినారా అక్కా?" అన్నాను.

"ఓట్లు వేసేవాళ్ళం. లెక్క మాత్రం వాళ్ళు పెట్టేవాళ్ళు" అనింది.

ఆ వారం దినాల్లో నేను ఆ దేశం గురించి తెలుసుకున్నంత నా సర్వీసంతా ఏ దేశం గురించీ తెలుసుకోలేదు. జనం దాదాపు అందరూ సముద్రం పక్కన సన్నటి పట్టీలో ఉంటారు. ఆ పట్టీ సముద్రం కన్నా పల్లం. పోటు వచ్చినప్పుడు, సముద్రానికి అడ్డంగా కట్టిన గోడకు అవతల నీళ్ళు ఇవతల మనుషుల కంటే ఎత్తులో నిలబడి ఉంటాయి. ఆటుకు నీళ్ళు దిగినప్పుడు తూము తలుపులెత్తి, పొలాల్లో నీళ్ళను సముద్రంలోకి వదలాల. ఆ కాలువలు డచ్చివాళ్ళు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి తవ్వించినారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చినారు. బానిసత్వం పోయినాక చెరుకు నరికేదానికి మనుషులు కావల్సొచ్చి, కలకత్తా నుంచి, మద్రాసు నుంచి ఓడల్లో మనోళ్ళను తీసుకొని పోయినారు. లోపలంతా అడవి, నదులు. ఆ అడవితో సహా దేశంలో మూడింట రెండొంతులు మాదే అని పక్కనున్న వెనిజులా అంటా ఉండాది. వాళ్ళ బడుల్లో తగిలించే పటంలో ఆ ముక్క వాళ్ళదిగానే ఉంటుందంట.

"ఇప్పుడు సముద్రంలో చమురు పడింది. ఇంక ఆ ముక్క మీది నుంచి వాళ్ళ కన్ను ఎట్ల మళ్ళుతుంది?" అనింది అక్క.

ఒక మధ్యాహ్నం ఇద్దరమూ వరండాలో కూర్చొని చింతపండు గింజలు తీస్తా ఉంటే, ఆమె తన అన్న గురించి చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఇంకా స్వతంత్రం రాకముందు, ఆ దేశంలో ఇండియా నుంచి పోయినోళ్ళకూ ఆఫ్రికావాళ్ళకూ కొట్లాటలైనాయి. రెండు పార్టీలు, రెండు రంగులు. వీళ్ళుండే ఊళ్ళో ఆఫ్రికావాళ్ళు ఎక్కువ. ఒక సాయంత్రం చెరుకుతోట నుంచి వస్తా ఉన్న ఆమె అన్నను దారిలో కొట్టి చంపేసినారు. పద్దెనిమిదేండ్ల పిల్లోడు. ఆ పొద్దే వీళ్ళ ఇంటికి నిప్పు పెట్టినారు.

"మమ్మల్ని వెనకదారిన దాటించింది కూడా ఆఫ్రికామనిషే. పక్కింటామె. వాళ్ళ అమ్మాయి, నేను బడిలో ఒకే బల్ల మీద కూర్చొనేవాళ్ళం. మేము మావాళ్ళుండే ఊరికి పోయినాం. అటుపక్క ఆఫ్రికావాళ్ళ ఇండ్లు మావాళ్ళూ కాల్చినారు, అది చెప్పకపోతే పాపం. అప్పటి నుంచి ఊర్లు వేరైపోయినాయి. ఇప్పటికీ మా ఓటు ఒంటి రంగును బట్టే పోతుంది."

"మాకాడ కులాన్ని బట్టి పోతుంది" అన్నాను.

ఆమె తలాడించి, మళ్ళా గింజలు తీసేదానికి దిగింది. కొంచెంసేపటికి, "అన్న మొహం మరిచిపోయినాను. ఫొటోలు ఇంట్లోనే కాలిపోయినాయి" అనింది.

వాళ్ళ మొదటి తల్లి కథ కూడా ఆమె ఆపొద్దే చెప్పింది. కరువులో ఒక తండ్రి, ఏడెనిమిదేండ్ల కూతురిని వెంటబెట్టుకొని కార్వెట్ నుంచి మద్రాసుకు పోయినాడు. తల్లి అంతకు ముందే చచ్చిపోయింది. ఓడెక్కినారు. దారిలో తండ్రికి జబ్బు చేసి చనిపోతే గుడ్డలో చుట్టి సముద్రంలో వేసినారు. ఓడ నుంచి పిల్ల ఒక్కతే దిగింది. దొర పేరడిగితే చెప్పింది, ఆ పేరు రాసుకున్నారు. ఆ పిల్లను చెరుకుతోటలో ఇంకో మద్రాసు కుటుంబం కాగితంలో ఉన్న పేరుతోనే పిలిచి పెంచింది. ఆమె పేరు వాళ్ళ వంశంలో ఆడపిల్లలందరికీ అసలు పేరు పక్కన పెడతారు. అక్కకూ ఉండాది, ఆమె ఇద్దరు కూతుళ్ళకూ, మనవరాలికీ ఉండాది. ఇంట్లో పూజంటే ముందు ఆ తల్లి పేరు చెప్పి దీపం పెడతారు. నైనా, అని. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించింది. హిందీలో కన్ను అని అర్థం కదా, మద్రాసు పక్క పిల్లకు హిందీ పేరెట్ల వచ్చిందబ్బా అనుకున్నాను గానీ అడగలేదు.

మరుసటిదినం కార్వేటినగరం పోయినాము. ఆమె మోకాళ్ళ నొప్పికని బస్సు వద్దని కారే మాట్లాడినాను. దారిలో ఒకచోట బెల్లం వండతా ఉంటే ఆ వాసనకు ఆమె కారు ఆపించింది. పొయ్యి పక్కన నిలబడి పెద్ద పెనంలో చెరుకుపాకం ఉడికేది చూసి, "ఈ పని కోసం అంత దూరం తీసుకుపోయినారు మమ్మల్ని. ఇక్కడే ఉండి చేసుకుంటా ఉండొచ్చు కదా" అనింది. ఆడున్నాయన వేడిబెల్లం ముక్క ఆకులో పెట్టిచ్చినాడు. ఆమె తినలేదు, చేతిలో పట్టుకొనే కూర్చొనింది.

కార్వేటినగరంలో పాత రాజుల భవనం చూపించినాను. గోడలు పెచ్చులూడి, లోపల ముండ్లకంప పెరిగి ఉండాది. ఆమె ఆ గోడకు చెయ్యి ఆనించి, "ఆ పిల్ల దీన్ని చూసింటుందా?" అని అడిగింది. చూసింటుంది అన్నాను. ఇంకేం చెప్పేది.

ఊర్లోకి పోయి అరుగు మీద కూర్చొన్న ముసలాయన్ను అడిగినాను. సంగతంతా చెప్పి, ఆ కాలంలో ఓడెక్కి పోయినోళ్ళ గురించి ఎవరికైనా తెలుసునా అంటే, ఆయన అక్కను బాగా చూసి, "ఏ కులమమ్మా వాళ్ళది?" అన్నాడు.

"తెలీదు తాతా."

"ఇంటిపేరు?"

"అదీ తెలీదు."

"కులం తెలీదు, ఇంటిపేరు తెలీదు. ఏ వీధికి పోయి ఎవర్ని అడగమని చెప్పేది తల్లీ? కరువుల్లో శానామంది పోయినారని మా అవ్వ చెప్పేది. పోయినోళ్ళు పోయినట్లే." ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే సాయం చేయాలని ఆలోచించి, దారి దొరక్క అన్నాడు.

"కులమేనా అడిగింది?" అనింది అక్క. ఔనన్నాను. "ఓడలో అందరూ ఒకే కుండలో తిన్నారంట. దిగేసరికి కులం యాడో పడిపోయింది" అని చిన్నగా నవ్వింది.

ఇంకో రెండు వీధులు తిరిగినాము. ఎండ ఎక్కింది. ఇంక పోదాంలే అక్కా అని చెప్పి కారు దగ్గరికి నడుస్తా ఉండాము. ఒక ఇంటి ముందర నడివయసు ఆడమనిషి శనక్కాయలు ఎండబోస్తా ఉండాది. బక్కపల్చటి ముసలాయన ఒకాయన, నెత్తిన తువ్వాలు కూడా లేకుండా, ఆ ఇంట్లోంచి వచ్చి రోడ్డు మీదికి పోతా ఉండాడు. మతి సరిగా లేనట్లుంది. ఆమె చేట పక్కన పెట్టేసి వెంటబడింది.

"నాయనా, యాడికి పోతావు ఎండలో? నాయనా, రా. ఇంట్లోకి రా నాయనా."

అక్క నిలబడిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకొనింది.

"ఆమె ఎవరిని పిలుస్తా ఉంది?"

"ఆ పెద్దాయన్నే."

"అది మా మొదటి తల్లి పేరు. మా అమ్మమ్మ అట్లనే పలికేది, నాయ్నా అని. రాసేటప్పుడే నైనా అయింది. ఆ మగాయనకు ఆ పేరెందుకుంది? వాళ్ళు మావాళ్ళేమో, పోయి అడుగు."

ఒకప్పుడు నా నోటికి పొద్దున్నే వచ్చే మాట. మా నాయన పోయి నాలుగేండ్లయింది, అప్పటి నుంచీ ఎవర్నీ ఆ మాటతో పిలవలేదు. చెవి పక్కన అక్క రెండు దినాలు ఆ మాట అంటా ఉన్నా నేను పట్టుకోలేకపోతిని.

"అక్కా, కారులో కూర్చొని చెప్తాను."

"ఇక్కడే చెప్పు."

చెప్పినాను. అది పేరు కాదక్కా, మాకాడ తండ్రిని పిలిచే పిలుపు అని.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆ ఆడమనిషి వాళ్ళ నాయన భుజం పట్టుకొని మెల్లగా ఇంట్లోకి నడిపించుకొని పోతా ఉంటే చూస్తా నిలబడింది. వాళ్ళు లోపలికి పోయినాక అనింది, "అయితే దొర పేరడిగినప్పుడు ఆ పిల్ల పేరు చెప్పలేదు."

"లేదక్కా."

"తండ్రి కోసం ఏడుస్తా ఉండింది."

ఆమె ఆ శనక్కాయల పక్కనే, మట్టిలో, గౌనుతోనే కూలబడింది. ఏడుపు రాలేదు. ఆ ఇంటామె బయటికొచ్చి చూసి, ఎవరు ఏమని అడక్కుండా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అక్క ఆ నీళ్ళు తాగి, ఆమె చెయ్యి వదలకుండా చాలాసేపు పట్టుకొనింది. ఆమె కూడా విడిపించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఒక్క మాటే అనింది. "అయితే ఆ పిల్ల పేరేంది?"

మరుసటిదినం తిరుపతికి పోయినాము. ఆ తండ్రికి ఎవరూ కర్మ చేసిండరు, నేను చేస్తానని పట్టుబట్టింది. కపిలతీర్థం దగ్గర అట్లాంటివి చేయించే అయ్యవార్లుంటారు. ఒక పెద్దాయన దొరికినాడు. ఆడమనిషి చేసేది అని ముందు కొంచెం సందేహించినాడు. సంగతి విన్నాక, "పిండాలు ఆమెనే చెయ్యమను, మంత్రం నేను చెప్తా" అన్నాడు.

గోత్రం తెలీదంటే, తెలియనోళ్ళకు కాశ్యప గోత్రం చెప్పొచ్చన్నాడు. తర్వాత పేరడిగినాడు.

"పేరూ తెలీదు స్వామీ. కూతురు నాయనా అని పిలిచింది, అంతే" అన్నాను.

ఆయన దర్భ చేతిలోకి తీసుకొన్నాడు. "బిడ్డ ఎట్ల పిలిచిందో అట్లనే పిలుద్దాం. ఆయనకు వినపడుతుంది" అన్నాడు. "ఆ బిడ్డ పేరు?"

నేను అక్కకు ఇంగ్లీషులో చెప్పినాను. ఆమె అన్నం ముద్ద చేతిలో పెట్టుకొని, "అది ఆయనకొక్కడికే తెలుసు" అనింది. అప్పుడొచ్చింది ఏడుపు. కొండ మీది నుంచి పడే నీళ్ళు ఆ కాలంలో సన్నగా ఉంటాయి, శబ్దం తక్కువ. అందరూ తిరిగి చూసినారు. అయ్యవారు మంత్రం ఆపి, ఆమె తేరుకొనే దాకా కూర్చొన్నాడు.

కొండకు పోయి దర్శనం చేసుకొని, ఇంకో రెండు దినాలుండి ఆమె పోయింది. పోయేటప్పుడు చెన్నైలో, "నిన్ను ఇబ్బంది పెట్టినాను" అనింది. నేను ఆమె భుజాల చుట్టూ చెయ్యేసినాను. ఆ మనిషి ఎంత బక్కగా ఉండాదో అప్పుడే తెలిసింది నాకు.

ఆ తర్వాతి సంగతులు పాప ఫోన్లో చెప్పినవి. అక్క ఇంటికి పోయినాక కెనడాలో ఉండే కూతుళ్ళకు వీడియోలో అంతా చెప్పింది. పెద్దకూతురు విని ఏడ్చింది. చిన్నకూతురికి కోపమొచ్చింది. "అంత దూరం పోయి, ఉన్న ఆ మొదటి తల్లిని కూడా పోగొట్టుకొని వస్తివే. నా బిడ్డకు పెట్టిన పేరేంది ఇప్పుడు? దీపం పెట్టి ఎవర్ని పిలవాల?" అనిందంట. ఆ చిన్నకూతురు చాలా నెలలు తల్లితో మాట్లాడలేదు. అక్క మాత్రం పూజ మానలేదు. పేరు చెప్పకుండా దీపం పెట్టి, కొంచెంసేపు నిలబడి, వచ్చేసేదంట.

నాకు నెలకొకసారి ఫోన్ చేసేది. మా వానల గురించి అడిగేది, వాళ్ళ సముద్రం గురించి చెప్పేది. పెద్దపోటుకు నీళ్ళు గోడ దాటి కింది వసారాలోకి వచ్చినాయని, చమురు కంపెనీల వాళ్ళు వచ్చినాక బాడుగలు పెరిగి పిల్లలకు గదులు దొరకడం లేదని. పోయిన చలికాలం దగ్గు వస్తా ఉండాదని చెప్పింది. నర్సు కదా, తనకు ముందే తెలిసింటుంది. పాపకు కూడా ఆఖర్నే చెప్పింది. ఊపిరితిత్తుల్లో గడ్డ. మూడు నెలలు కూడా పట్టలేదు.

పాప ఆస్పత్రిలో ఆమె పక్కనే ఉండింది. చిన్నకూతురు విమానం దిగేసరికి అయిపోయింది. సముద్రం పక్కన దహనం చేసినారంట. ఇంటిని అమ్మేసినారు, పాప హాస్టలుకు మారింది. మా చెల్లెలు ఇప్పుడు ఆ దేశం యాడుందని నన్ను అడగదు.

దహనమైన వారానికి నాకు కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. చిన్నకూతురు. తానెవరో చెప్పింది. నేను ఆ పక్క ఏడుపు వింటా కూర్చొన్నాను. కడాకు అడిగింది, "మా అమ్మ మీ ఊళ్ళో సంతోషంగా ఉండిందా?"

ఉండింది అని ఎట్ల చెప్పేది. లేదని ఎట్ల చెప్పేది.

"మా ఇంట్లో అన్నం బాగా తినింది అమ్మా. నాతోపాటే చింతపండు గింజలు తీసింది. నిద్ర బాగా పోయేది" అని చెప్పినాను.

ఆ పిల్ల, "మంచిది" అనింది. పెట్టేయకుండా ఇంకా కొంచెంసేపు లైన్లోనే ఉండింది. నేనూ పెట్టలేదు.